ఫైర్‌స్టేషన్ తలుపు మీద పేర్లు

డోర్సీ ఊళ్ళో వెల్మా ప్రోకోప్ చేతి వంట తినకుండా పెద్దవాడైన మనిషి లేడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా బడి క్యాంటీన్‌లో గరిటె ఆవిడదే. ఎదురుపడ్డది పోలీసైనా, పాస్టరైనా సరే, "నువ్వు బఠాణీలు కాగితంలో చుట్టి బల్ల కింద పారేసేవాడివి కదూ" అని నడివీధిలో అడిగే హక్కు ఆవిడకుంది. అడిగేది కూడా. మొహమాటం అన్నది ఆ మనిషికి ఇంటా వంటా లేదు.

బడి గంట మోగాక ఆవిడ ఏప్రన్ విప్పి, మెడలో ఈల తగిలించుకునేది. ఆగస్టు నుంచి నవంబరు దాకా అదే ఆవిడ రెండో ఉద్యోగం, జీతం లేనిది. ఊళ్ళో పద్నాలుగేళ్ళ లోపు పిల్లల ఫుట్‌బాల్ జట్లు ఆరున్నాయి. వాటిలో హ్యామర్స్ అనే జట్టుకి ఆవిడ కోచ్. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసిన వాళ్ళ నాన్న ఆండీ ప్రోకోప్ ముప్పై ఆరేళ్ళు నడిపిన జట్టు అది. ఆయన మోకాళ్ళు మొరాయించాక ఈల కూతురి మెడలో పడింది. "ఆడది ఫుట్‌బాల్ నేర్పడమేమిటి?" అని కొందరు నవ్వారు. వెల్మా వాళ్ళకి జవాబు చెప్పలేదు. మర్నాటినుంచి వాళ్ళ పిల్లల కంచాల్లో బఠాణీలు రెండు గరిటెలు పడ్డాయి, అంతే.

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాడు ఒక్కడే, వాడు హైస్కూల్లో క్వార్టర్‌బ్యాక్. ఆండీ ప్రోకోప్ పెంపకంలో పెరిగిన పిల్ల క్వార్టర్‌బ్యాక్‌ని నమ్మడమన్నది కల్ల.

మా ఫుట్‌బాల్ కాలితో తన్నేది కాదు. కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తేది. ఆటలో ప్రతి ఎత్తూ క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచే మొదలవుతుంది. బంతి ఎవరికివ్వాలో, ఎవరికి విసరాలో అతనే తేల్చాలి. చప్పట్లన్నీ అతనివే, పేపర్లో బొమ్మ పడేదీ అతనిదే. కానీ అతని ముందు ఐదుగురు దిట్టమైన కుర్రాళ్ళు అడ్డంగా నిలబడి, మీదికి ఉరికేవాళ్ళని ఆపాలి. వాళ్ళు ఆపలేకపోతే ఎంతటి క్వార్టర్‌బ్యాకూ మట్టి కరవాల్సిందే. ఆండీ ఆ ఐదుగురిలో ఒకడిగా ఆడి, రెండుసార్లు ముక్కు విరగ్గొట్టుకున్నాడు. అందుకే ఆయన సూత్రం ఒకటే: "ముందు గోడలు లేపు. పైకప్పు సంగతి తర్వాత."

పిల్లల్ని జట్లకి పంచుకోవడానికి మాకో పద్ధతుంది. ఆగస్టు ఆఖరి శనివారం పిల్లలందరూ వీపుకి అంకెలు గుచ్చుకుని బడి మైదానంలో పరిగెత్తి, బంతి విసిరి చూపిస్తారు. ఆదివారం చర్చి అయ్యాక ఆరుగురు కోచ్‌లూ ఫైర్‌స్టేషన్ మేడ మీద కూర్చుని వంతులవారీగా ఒక్కొక్కడినీ ఎంచుకుంటారు. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. నిరుడు అట్టడుగున ఉన్న జట్టుకి మొదటి వంతు. పన్నెండు వంతులు, డెబ్బై రెండు పేర్లు. సోమవారం ఉదయం ఫైర్ చీఫ్ ఆ పేర్లన్నీ టైపు చేయించి తలుపుకి అంటిస్తాడు. అక్షరక్రమంలో కాదు, ఎంపికైన వరసలో. ఎందుకలా అంటే ఎప్పుడూ అంతే, మా ఊళ్ళో అంతకుమించి కారణం అక్కర్లేదు. ఏడు కొట్టకముందే పిల్లలు సైకిళ్ళేసుకుని ఆ తలుపు ముందు వాలిపోతారు.

నలభై నాలుగేళ్ళ కిందట ఆ గుంపులో వెల్మా తమ్ముడు రూడీ కూడా ఉన్నాడు. వాడికప్పుడు పన్నెండేళ్ళు. కోచ్ కొడుకుని ఇంకో కోచ్ తీసుకోకూడదన్నది నియమం. ఆండీ లెక్క తెలిసిన మనిషి. ఎలాగూ నా దగ్గరికే వచ్చేవాడికి ముందు వంతు ఎందుకు దండగ చేయడం అనుకుని, ముందు వంతుల్లో ఇద్దరు ఏనుగుపిల్లల్ని పట్టి, కన్నకొడుకుని పన్నెండో వంతుకి వదిలేశాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర తన తెలివికి తానే మురిసిపోయాడు కూడా.

సోమవారం రూడీ జాబితాని పైనుంచి చదవడం మొదలుపెట్టాడు. వాడి పేరు మొదటి పదిలో లేదు, ఇరవైలో లేదు. పక్కన నిలబడ్డ పదహారేళ్ళ వెల్మా కన్ను అప్పటికే కింది వరస మీద పడింది. "పోదాం పదరా" అని చొక్కా లాగింది. వాడు కదల్లేదు. డెబ్బై రెండో పేరు దాకా చదివాడు. వెనకనుంచి ఎవడో "ఒరేయ్, కబూస్!" అన్నాడు. కబూస్ అంటే రైలు చివర తగిలించే గార్డుపెట్టె. సాయంత్రానికల్లా ఊరంతా అదే పేరు.

ఆ ఏడాది ఏనుగుపిల్లలిద్దరూ కలిసి ఆండీకి కప్పు గెలిచిపెట్టారు. రూడీ మాత్రం మరుసటి ఏడాది నుంచి ఆడలేదు. ఇప్పుడు అతనికి యాభై ఆరు, ఇనపసామాన్ల కొట్లో పని. కొట్టువాళ్ళిచ్చిన చొక్కా జేబు మీద కూడా కబూస్ అనే కుట్టి ఉంటుంది. పిలిస్తే నవ్వుతూ పలుకుతాడు. కానీ చర్చిలో ప్రసాదం తీసుకోవడానికి వరస కడితే, ఎవరూ చెప్పకుండానే అందరి వెనకా వెళ్ళి నిలబడతాడు. ఆండీ ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో ఉన్నప్పుడు కొడుకు చెయ్యి పట్టుకుని, "ఆ ఏడాది మంచి డ్రాఫ్ట్ చేశాం కదరా" అన్నాడు. రూడీ "అవును నాన్నా" అన్నాడు. వెల్మా బయటికెళ్ళి వరండాలో నిలబడి ఏడ్చింది. నాన్న చెడ్డవాడు కాదు. ఆయన లెక్కలో పిల్లాడి మనసు పట్టలేదు, అంతే. ఆ మాట ఆయనతో చెప్పడానికి వెల్మాకి నోరు రాలేదు.

అయినా పదకొండేళ్ళు ఆవిడ కూడా నాన్న సూత్రమే పట్టుకు నడిచింది. ముందు గోడలు, ఏడో వంతుకో ఎనిమిదో వంతుకో మిగిలినవాడు క్వార్టర్‌బ్యాక్. ఒక ఏడాది కప్పు వచ్చింది, చాలా ఏళ్ళు సగం సగం గెలిచింది. నిరుడు మాత్రం పదికి పది ఓడిపోయింది. వరసగా రెండేళ్ళు ఒక్క ఆటా గెలవకపోతే కోచ్ ఈల అప్పగించేయాలని కమిటీ ఎప్పుడో రాసుకున్న రూలొకటుంది. ఎవడో తాగుబోతు కోచ్‌ని వదిలించుకోవడానికి రాశారు. వాడు తనంతట తానే పోయాడు, రూలు మిగిలింది. ఈ ఏడు ఒక్కటైనా గెలవకపోతే హ్యామర్స్ ఇక ప్రోకోప్‌ల చేతిలో ఉండదు. అరవై ఏళ్ళ వెల్మాకి ఆ మాట తలచుకుంటేనే అన్నం సహించేది కాదు.

ఈసారి మొదటి వంతు ఆవిడది. ఊళ్ళో కోల్టన్ అనే పిల్లాడున్నాడు, బంతి విసిరితే మైదానం ఈ కొసనుంచి ఆ కొసకి గీత గీసినట్టు పోయేది. చేపల కొట్టువాడినుంచి పాస్టరు దాకా అందరిదీ ఒకే సలహా. హాక్స్ జట్టు కోచ్ డ్వెయిన్ ఇనపకొట్లో మేకులు కొంటూ వెల్మాని చూసి, "ఏమ్మా, ఈసారైనా క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకుంటావా, లేక మళ్ళీ బీరువాలే ఏరుకుంటావా?" అన్నాడు. రెండో వంతు అతనిది. ఆవిడ వదిలేస్తే కోల్టన్‌ని ఎగరేసుకుపోదామని నోరూరుతోంది.

"బీరువాలు తోస్తే నువ్వెన్నిసార్లు పడ్డావో నాకు గుర్తుందిలే డ్వెయిన్," అంది వెల్మా.

అతను వెళ్ళాక రూడీ మేకుల డబ్బా సర్దుతూ, "కోల్టన్‌ని తీసుకో వెల్. ఒక్కసారి పైకప్పు ముందేస్తే కొంప మునగదు. నీ ఈల పోతే నేను చూడలేను," అన్నాడు.

శనివారం మైదానంలో కోల్టన్ విసిరినప్పుడల్లా తండ్రులు ఈలలు వేశారు. తర్వాత నలభై ఒకటో నంబరు వచ్చాడు. ఎమ్మెట్ సాడ్లర్, సన్నగా వెదురుబద్దలా ఉంటాడు, కళ్ళజోడు. వాడు విసిరిన బంతి పదిహేను గజాలు పోలేక నేలకి దిగింది. మిగతా కోచ్‌లు కాగితం మీద పెన్ను కూడా పెట్టలేదు. వాడు పక్కకి వస్తూ, తర్వాత పరిగెత్తాల్సినవాడితో, "ఆ మూల గడ్డి కింద బురదుంది, అటు తిరగకు," అన్నాడు. వాడు వినలేదు. ఆ మూల తిరిగి బోర్లా పడ్డాడు.

వెల్మాకి నవ్వొచ్చింది. రెండేళ్ళుగా క్యాంటీన్‌లో రోజూ చూస్తున్న తంతే అది. ఎమ్మెట్ కంచం పట్టుకుని వరసలో నిలబడి, "మిస్ వెల్మా, పిజ్జా ఇంకో పది కంచాలకి అయిపోతుంది, అప్పుడు మూడో బల్ల వాళ్ళు కొట్టుకుంటారు," అనేవాడు. అలాగే కొట్టుకునేవాళ్ళు. "ఆ పెద్దబ్బాయి వెనక్కి చూడకుండా లేస్తాడు, నువ్వు పాలు ఇటు తీసుకురా," అని ఎవరికో చెప్పేవాడు. ఎవరూ వినేవాళ్ళు కాదు. పాలు ఒలికేవి. వాడికి కళ్ళున్నాయి. వాడి మాట వినే చెవులే ఊళ్ళో లేవు.

ఆదివారం ఉదయం ఆవిడ డ్రాఫ్ట్‌కి పిరోగీలు చేస్తూ కూర్చుంది. బంగాళదుంప కూరి, కజ్జికాయ అంచు మడిచినట్టు మడుస్తూ మనసులో లెక్క వేసుకుంది. ఎమ్మెట్‌ని మరెవరూ తీసుకోరు. కాబట్టి ముందు వంతుల్లో గోడలు లేపేసి, వాణ్ణి పన్నెండో వంతులో తీసుకుంటే సరిపోతుంది. ఎలాగూ నా దగ్గరికే వచ్చేవాడికి ముందు వంతు ఎందుకు దండగ?

చేతిలో పిరోగీ అలాగే ఉండిపోయింది. ఆ మాట ఎవరిదో ఆవిడకి తెలుసు.

మేడ మీద అందరూ కూర్చున్నారు. కాఫీ పాత్ర కారుతోందంటే రూడీ దాన్ని బాగుచేస్తూ గోడవార ఉన్నాడు. ఫైర్ చీఫ్ కళ్ళజోడు పెట్టుకుని, "మొదటి వంతు హ్యామర్స్‌ది. చెప్పు వెల్మా," అన్నాడు.

"ఎమ్మెట్ సాడ్లర్."

చీఫ్ పెన్ను ఆగింది. "ఎవరూ?"

"నలభై ఒకటో నంబరు. నా క్వార్టర్‌బ్యాక్."

డ్వెయిన్ పిరోగీ గొంతుకి అడ్డం పడేంతగా నవ్వాడు. "వాడు విసిరిన బంతి నా బూటు దాకా కూడా రాలేదు. సరే, నీకు నచ్చాడనుకుందాం. వాణ్ణి ఇక్కడ ఎవడు తీసుకుంటాడమ్మా? ఆఖరి వంతులో ఊరికే దొరికేవాడు కదా! డ్రాఫ్ట్ చెయ్యడం మీ నాన్న దగ్గర ఇదేనా నేర్చుకున్నది?"

"నాన్న దగ్గరే నేర్చుకున్నా," అంది వెల్మా. "ఆఖర్న దొరుకుతాడని నాకూ తెలుసు. కానీ సోమవారం పొద్దున ఆ తలుపు మీద డెబ్బై రెండో పేరున్నవాడి మాట ఏ పిల్లాడు వింటాడో చెప్పు. పదిమంది మధ్యలో నిలబడి ఇటు పోండి, అటు పోండి అని చెప్పాల్సినవాడు వాడు. బలమున్నవాణ్ణి ఏడో వంతులో తెచ్చుకోవచ్చు, వాడి బలమేం తగ్గదు. మాట చెలామణీ కావాల్సినవాణ్ణి ఆఖర్న తెస్తే వాడి మాట కూడా ఆఖరిదే అవుతుంది. వాడికి కూడా అదే నమ్మకం కుదురుతుంది. ముసలాడయ్యే దాకా వదలదు."

కాఫీ పాత్ర దగ్గర స్పానర్ చప్పుడు ఆగిపోయింది. రూడీ తల ఎత్తలేదు. చీఫ్ గొంతు సవరించుకుని పేరు రాసుకున్నాడు. డ్వెయిన్ క్షణం ఆగకుండా కోల్టన్ పేరు చెప్పేశాడు.

సోమవారం ఎమ్మెట్ జాబితాని కిందినుంచి చదివాడు. డెబ్బై రెండులో లేడు. అరవైల్లో లేడు. ముప్పైల దగ్గరికొచ్చేసరికి తన పేరు మర్చిపోయారనుకుని వెళ్ళిపోబోయాడు. బో అనే పిల్లాడు, పన్నెండేళ్ళకే తలుపంత వెడల్పు, వాడి భుజం పట్టి పైకి చూపించాడు. ఎమ్మెట్ తిన్నగా క్యాంటీన్‌కి పరిగెత్తుకొచ్చాడు.

"మిస్ వెల్మా, టైపులో ఏదో తప్పు పడినట్టుంది."

"ఏం తప్పు పడలేదు. సాయంత్రం నాలుగింటికి మైదానానికి రా. బఠాణీలు పూర్తిగా తిను."

ఆ జాబితా అంటే మా ఊరి పిల్లలకి వేదవాక్కు. మొదట్లో గొణిగారు, తర్వాత వాళ్ళలో వాళ్ళే సర్దిచెప్పుకున్నారు. మొదటి పేరు వీడిదైందంటే వీడిలో మనకి తెలియని సంగతేదో ఉండి ఉంటుంది అనుకున్నారు. ఎమ్మెట్ గొంతు చిన్నది. ఎత్తు మొదలయ్యే ముందు అందరూ గుండ్రంగా చేరినప్పుడు వాడు చెప్పేది వినపడాలంటే బో నడుం వంచి చెవి పెట్టాల్సి వచ్చేది. బో వంగితే మిగతావాళ్ళూ వంగేవాళ్ళు.

అంతమాత్రాన గెలుపు వచ్చి ఒళ్ళో వాలలేదు. మొదటి ఆట ఓడారు, రెండోదీ ఓడారు. హాక్స్‌తో ఆడినప్పుడు కోల్టన్ బంతుల్ని వడగళ్ళలా కురిపించి నలభై సున్నాతో తొక్కేశాడు. ఏడు ఆటలూ ఓడేసరికి ఊళ్ళో వెల్మాకి మతి పోయిందనే అన్నారు. ఆవిడకి కూడా భయం వేసింది. ఒకనాడు ఇనపకొట్లో తాళం కొంటూ, "పొరపాటు చేశానంటావా రూడీ?" అని అడిగింది.

రూడీ తాళం చెవి తుడిచి ఆవిడ చేతిలో పెట్టాడు. "వాడు ఓడిపోతున్నాడు, నిజమే. కానీ తల దించుకుని నడవట్లేదు వెల్. కొట్టు ముందునుంచే రోజూ వెళ్తాడు, చూస్తున్నాగా," అన్నాడు.

ఎనిమిదో ఆట మళ్ళీ హాక్స్‌తోనే. ఆ రోజు నది మీదినుంచి వాన కమ్ముకొచ్చింది. తడిసిన బంతి కోల్టన్ చేతిలో సబ్బుబిళ్ళయి కూర్చుంది. అటు సున్నా, ఇటు సున్నా. అందరూ బురదముద్దలయ్యారు, ఎవడు ఎవడో పోల్చలేకుండా ఉంది. ఇంకా రెండు నిమిషాలుందనగా హ్యామర్స్ పిల్లలు గుండ్రంగా చేరారు. వెల్మా గీత అవతలినుంచి కుడివైపు పొమ్మని సైగ చేసింది.

ఎమ్మెట్ కళ్ళజోడు చొక్కాతో తుడుచుకుని, "ఎడమవైపున్న వాళ్ళ ఏడో నంబరు వాడి బూటు లేసు ఊడింది. మనం ఎడమవైపే పోదాం," అన్నాడు.

"కోచ్ కుడి అంది కదరా," అన్నాడొకడు.

"వీడు ఎడమంటున్నాడు," అన్నాడు బో, వంగిన నడుం ఎత్తకుండానే. "ఎడమే."

అందరూ ఎడమకే పోయారు. బో ముందు గోడలా తోసుకుపోయాడు. ఏడో నంబరు వాడు ఆపబోయి, తన బూటు లేసు తానే తొక్కుకుని చతికిలబడ్డాడు. బంతి ఆఖరి గీత దాటింది, దానికి ఆరు పాయింట్లు. ఆరు సున్నా. గరిటె పట్టిన మనిషి వానలో ఈల నోట్లో పెట్టుకుని ఊదడం కూడా మర్చిపోయి ఏడ్చేసింది. తన మాట కాదని గెలిచినందుకు మరీ ఏడ్చింది.

మిగతా రెండు ఆటలూ ఓడిపోయారు. కప్పు హాక్స్‌దే. "పదింటికి ఒకటి గెలిచి ఇంత సంబరమా?" అన్నాడు డ్వెయిన్.

"ఒకటి చాలని రూలు రాసింది మీరే కదయ్యా," అంది వెల్మా, మెడలో ఈల సర్దుకుంటూ.

నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ నాటి ఉదయం, టర్కీకోడి పొయ్యిలో వేగుతుండగా, ఊరి మగాళ్ళూ పిల్లలూ కలిసి మైదానంలో సరదాకి ఒక ఆట ఆడతారు. కప్పు గెలిచిన జట్టు క్వార్టర్‌బ్యాక్ ఒక పక్క, అడుగున ఉన్న జట్టు క్వార్టర్‌బ్యాక్ ఇంకో పక్క నిలబడి మనుషుల్ని పంచుకుంటారు. ఏటా ఆ రోజు రూడీ కొట్టునుంచి సున్నం బస్తా తెచ్చి గీతలు గీసి, పంచుకోవడం మొదలయ్యేలోపు వెళ్ళిపోతాడు. ఈ ఏడు నేల గట్టిగా గడ్డకట్టి పని ఆలస్యమైంది. అతను ఆఖరి గీత మీద ఉండగానే కోల్టన్, ఎమ్మెట్ మధ్యలోకి వచ్చేశారు. నాణెం ఎగరేస్తే మొదటి వంతు ఎమ్మెట్‌కి పడింది.

ఎదురుగా యాభై మంది. వాళ్ళలో బో వాళ్ళ నాన్న ఉన్నాడు, ఒకప్పుడు కాలేజీ జట్టుకి ఆడినవాడు. ఎమ్మెట్ అందరినీ చూసి, వాళ్ళని దాటి వెనక్కి చూశాడు.

"మిస్టర్ ప్రోకోప్," అన్నాడు.

ఊళ్ళో ఆ పేరుతో పిలిపించుకున్న మగాడు ఆండీ తర్వాత ఇంకొకడు లేడు. జనం అటూ ఇటూ చూశారు. ఎవడో "కబూస్‌నా?" అని నవ్వబోయి, పక్కవాళ్ళెవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు.

రూడీ సున్నం బకెట్ పట్టుకుని నిలబడిపోయాడు. "నన్నా? నాకు మోకాలు నొప్పి బాబూ. నేను పరిగెత్తలేను."

"పరిగెత్తేవాళ్ళు చాలామంది ఉన్నారండీ," అన్నాడు ఎమ్మెట్. "ఈ నేలంతా ఇప్పుడే మీరు గీసుకుంటూ నడిచారు. ఎక్కడ జారుతుందో మీకొక్కళ్ళకే తెలుసు. ముందు మీరు కావాలి."

రూడీ బకెట్ కింద పెట్టాడు. సున్నం చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు, జేబు మీది అక్షరాలు తెల్లగా అలికిపోయాయి. జనం దారిచ్చారు. నాలుగడుగులు వేసి మధ్యలో ఆగి, గీత దగ్గరున్న అక్కవైపు తిరిగాడు. మొహంలో పన్నెండేళ్ళ పిల్లాడి బెదురు.

"వెల్, మొదట ఎంచుకున్నవాడు ఎక్కడ నిలబడాలి?"

ఎమ్మెట్ కొంచెం జరిగి చోటిచ్చాడు.

"ఇక్కడండీ," అన్నాడు. "నా పక్కన."